కురిడీ అటక మీద చిప్పుల షేర్లు

మా ఊరి షేర్ మార్కెట్టు నా సైకిలు షాపు ముందున్న చెక్క బల్ల. దానికి వేళ ఉండేది గాని గడియారం ఉండేది కాదు. రాజమండ్రి నుంచి వచ్చే మధ్యాహ్నం బస్సు వంతెన మలుపు తిరిగి హారన్ కొట్టిందంటే మార్కెట్టు తెరిచినట్టు. కండక్టరు బస్సు ఆపకుండానే ఇంగ్లీషు పేపరు కిటికీలోంచి విసిరేవాడు. అది వారంలో సగం రోజులు నేను పంక్చర్లు చూసే నీళ్ళ తొట్టిలోనే పడేది. ఆ తొట్టికీ ఆ పేపరుకీ ఏదో చుట్టరికం ఉండి ఉంటుంది. అందుచేత బొంబాయిలో షేరు ఎంత పలికిందో తెలియాలంటే మా ఊళ్ళో ముందు పేపరు ఆరాలి.

ఆరేసేది అద్దె సైకిళ్ళ హ్యాండిళ్ళ మీద. ఒక్కో సైకిలుకి ఒక్కో కాగితం. ఆ సమయంలో ఎవరైనా వచ్చి గంటకి సైకిలు అడిగితే, "ఉండండి బాబూ, దాని మీద షేర్లున్నాయి. ఆ పక్కది పట్టుకెళ్ళండి, దాని మీద క్రికెట్టే ఉంది" అనేవాణ్ణి.

నేను ఏడో తరగతితో బడి మానేశాను. బడే నన్ను మానేసిందని మా నాన్న అనేవారు. నన్ను తరిమింది పదమూడో ఎక్కం. ఎన్నిసార్లు నేర్చుకున్నా మర్నాటికి ఉండేది కాదు. ఇంగ్లీషు అక్షరాలు మాత్రం కూడబలుక్కునేవాణ్ణి, సైకిలు సామాన్ల అట్టపెట్టెల మీద చదివి చదివి. అలాంటి నా షాపులో దేశం మొత్తం మీద అందరికంటే తెలివైన కంపెనీ గురించి రోజూ చర్చ జరిగేదంటే చూడండి.

ఎనభైల నడిమధ్య సంగతి ఇది. ఢిల్లీలో పెద్దలందరూ కంప్యూటర్లు, కంప్యూటర్లు అంటున్న రోజులు. మా ఊళ్ళో కంప్యూటరును చూసినవాళ్ళు లేరు. అయినా కంప్యూటర్లలో వేసే చిప్పులు తయారు చేస్తామని ఒక కంపెనీ షేర్లకు వచ్చినప్పుడు, మా ముగ్గురు పెద్దమనుషులు రాజమండ్రిలో ఏజెంటు దగ్గరికి వెళ్ళి ఫారాలు నింపి వచ్చారు. అదృష్టమో మరొకటో, ముగ్గురికీ షేర్లు దొరికాయి. కొబ్బరికాయల ఊళ్ళో చిప్పు అనే మాట వినపడితే ఎలాంటి హాస్యం పుడుతుందో మీకు చెప్పక్కర్లేదు. మొదటి రోజే ఊళ్ళో ప్రతివాడూ ఆ హాస్యం ఆడేశాడు. అందుకని నేను ఆడలేదు. నాకూ కొంచెం పరువుంది.

ఆ ముగ్గురిలో ఒకరు మా బాబాయిగారు, మా నాన్న తమ్ముడు. కొబ్బరి తోట ఉంది. ఊళ్ళో కురిడీ కట్టడంలో ఆయన మాటే మాట. రెండోవారు హైస్కూల్లో సైన్సు మాస్టారు. ఇంగ్లీషు పేపరు చదివి చెప్పే పని ఆయనది. మూడోవారు షావుకారుగారు. అంబాజీపేటలో కాయల కమీషను కొట్టు, ఇల్లు మాత్రం మా వీధిలోనే. నాకు షేర్లు లేవు. నాకున్నది బల్ల.

మెమొరీ చిప్పంటే ఏమిటో మాస్టారే మాకు చెప్పారు. చూపుడువేలి గోరు చూపించి, "ఇంత ముక్కండి. దీన్లో ఓ పుస్తకం రాసి దాచెయ్యొచ్చు. ఎప్పుడు కావాలంటే అప్పుడు ఒప్పజెప్తాది" అన్నారు.

"అయ్ బాబోయ్, మాస్టారండీ! ఇది నేను బడికొచ్చే రోజుల్లోనే అమ్మి ఉంటే పదమూడో ఎక్కం అందులో వేయించుకుని ఈపాటికి తాసిల్దారునయ్యేవాణ్ణి కదండీ" అన్నాను.

"నీకు చిప్పు చాలదురా. ట్రంకుపెట్టంత కావాలి" అన్నారు మాస్టారు. ఆయన నాకు ఏడో తరగతిలో లెక్కలు కూడా చెప్పారు లెండి.

నవ్వంతా అయ్యాక, అటుగా బిందెతో వెళుతున్న మా పిన్ని ఆగింది. బాబాయిగారి భార్య. బిందె దించకుండానే, "మాస్టారండీ, ఆ చిప్పేదో మా ఇంట్లో ఆయనకి ఒకటి పెట్టించండి. బోరింగు సంగతి గుర్తుంటాది" అనేసి వెళ్ళిపోయింది.

బాబాయిగారు తడి పేపరు ఆరిందో లేదో చూడ్డానికి లేచారు. అది పొద్దున్నే ఆరిపోయిన నిన్నటి పేపరు.

బోరింగు సంగతి ఊళ్ళో అందరికీ తెలుసు. ఏడాదంతా మాకు కాలవ నీళ్ళు. ఎండలు ముదిరేసరికి బాగుచేతకని కాలవ కట్టేస్తారు. అప్పుడు ఊరు మొత్తానికి గుడి అవతల పంచాయతీ బోరింగు ఒక్కటే దిక్కు. గుడి అంటే మా చర్చే, మేం గుడి అనే అంటాం. పిన్ని ఇల్లు ఊరికి ఈ చివర, బోరింగు ఆ చివర. ఆ ఎండలో బిందె చంకనెత్తుకుని, వరసలో నిలబడి, అక్కడి కొట్లాటలు కూడా మోసుకుంటూ ఇంటికి రావాలి. అందుకని పెరట్లో చేతిపంపు వేయించుకుందామని మొగుడూ పెళ్ళాం కొన్నాళ్ళు కూడబెట్టారు. ఆ డబ్బే చిప్పుల షేర్లలోకి వెళ్ళింది. చాటుగా కాదు, చెప్పే పెట్టారు. "ఏడాది తిరక్కుండా ఒకటి కాదే, రెండు బోర్లు వేయిస్తాను" అన్నారట బాబాయిగారు.

"రెండెందుకండీ? ఒకటి ఏయించండి, చాలు. వచ్చే ఎండాకాలం కాలవ కట్టే లోపల ఏయించండి. లేదంటే నీళ్ళు మీరే మోస్తారు. ఊళ్ళో ఆడోళ్ళందరి మధ్యా వరసలో నిలబడతారు. అంతే" అందట పిన్ని.

మా వైపు మగవాడు బిందె చంకనెత్తుకుని ఆడవాళ్ళ వరసలో నిలబడ్డం ఎవరూ చూడలేదు. చూడాలని నాకు మహా కోరికగా ఉండేది.

ఇప్పుడు కురిడీ గురించి రెండు మాటలు చెప్పాలి. లేకపోతే ఆ షేర్ల కాగితాలు అటకెక్కడం మీకు పిచ్చితనంలా కనిపిస్తుంది. బాగా ముదిరిన కొబ్బరికాయను పీచుతో సహా వంటింటి అటక మీద పేర్చి వదిలేస్తారు. కింద పొయ్యి పొగ తగులుతూ ఉంటుంది. ఎనిమిది నెలలకో ఏడాదికో లోపలి నీళ్ళన్నీ ఇంకిపోయి, కొబ్బరి చిప్పను వదిలి ఎండిన బంతిలా అవుతుంది. అదే కురిడీ. చెవి దగ్గర పెట్టుకుని ఊపితే గలగలమంటుంది. ఉత్తరాది షావుకార్లు పెళ్ళిళ్ళకూ పూజలకూ మంచి ధర పెట్టి కొంటారు. కాని ఒక నియమం ఉంది. పేర్చిన కాయను మధ్యలో కదపకూడదు. కదిపితే నీళ్ళు కదిలి కుళ్ళుతుందని మా వాళ్ళ నమ్మకం. ఆశ ఆగక వారానికోసారి అటకెక్కి ఊపి చూసుకునేవాడికి చివరికి మిగిలేది కంపు. పచ్చికాయగా అమ్ముకునేవాడు తొందరగాడు, కురిడీ కట్టేవాడు నిబ్బరస్తుడు అని మా ఊళ్ళో లెక్క. మా బాబాయిగారు పరమ నిబ్బరస్తులు.

షేర్ల కాగితాలు పోస్టులో వచ్చిన రోజు ఆయన ఇంట్లో కాయలు అటకెక్కిస్తున్నారు. ఆయన ఒక చేతిలో కాగితాలు, ఒక చేతిలో కాయ పట్టుకుని కాసేపు చూశారు. చూసి, "ఇదీ కురిడీ లాంటిదేనండి. పెట్టి మర్చిపోవాలి. రోజూ ఊపి చూస్తే కుళ్ళిపోతాది" అన్నారు.

పక్కనున్న మాస్టారికి ఆ మాట ఎంతో నచ్చింది. మాస్టారు కంగారు మనిషి. పేపర్లో ధర పావలా తగ్గితే ఆయనకు అన్నం సయించదు. "అయితే నావి కూడా మీతోపాటే పెట్టెయ్యండి బాబూ. నా దగ్గరుంటే నేనాగలేను" అన్నారు. షావుకారుగారు కూడా ఆలోచించారు. విడివిడిగా చిన్న చిన్న మొత్తాలైతే కొనేవాళ్ళు దొరకరని, ముగ్గురివీ కలిపి ఒక్కసారే అమ్మితే మంచిదని ఏజెంటు ముందే చెప్పి ఉన్నాడు. దాంతో ఆయనవి కూడా వచ్చాయి. ముగ్గురి కాగితాలూ ఒక బిస్కెట్ల డబ్బాలో పెట్టారు. డబ్బాను అటక మీద గోడవార మూలకు తోశారు. దాని ముందు, పక్కన, పైన కాయలు పేర్చుకుంటూ వచ్చేశారు. ఇక ఏడాదిదాకా ఆ డబ్బాను ఎవరూ తీయలేరు. అదే కదా కావలసింది.

ఆ అటక మీది కాయలు మాత్రం పిన్నివి. మా ఇళ్ళల్లో పెరటి చెట్ల కాయలు ఆడవాళ్ళ సొమ్ము. తోట కాయల మీద ఆమె నోరెత్తదు, పెరటి కాయల మీద ఆయన చెయ్యెత్తరు. డబ్బా పెట్టే ముందు బాబాయిగారు అడిగితే, "పెట్టుకోండి. నా కాయల్ని కదపనంతవరకూ మీ పెట్టుబడి అక్కడ చల్లగా ఉంటాది" అంది. చల్లగా ఉంటుందనడం పిన్ని మర్యాద. కింద పొయ్యి ఉంది.

ఆ తర్వాత ఏడెనిమిది నెలలు మా బల్ల మీద ఎంత ఆనందమో. మొదట్లో పది రూపాయల షేరు పదిలోనే నిద్రపోయింది. చలికాలం వచ్చేసరికి మాస్టారు వార్తలు తేవడం మొదలుపెట్టారు. విదేశీ కంపెనీ ఒకటి మనవాళ్ళకు పనితనం నేర్పుతుందట. ఫ్యాక్టరీలో దుమ్ము కణం కూడా ఉండకూడదట, పనివాళ్ళు నెత్తి నుంచి కాలిదాకా తెల్లబట్టలు తొడుక్కుంటారట. నేను సైకిళ్ళ గ్రీజు పట్టిన నా చేతులు చూసుకుని, ఆ ఉద్యోగం నాకు రాదని తెలుసుకున్నాను. ధర పన్నెండయింది, పద్దెనిమిదయింది, ఇరవై దాటింది. ఏ రోజు పెరిగితే ఆ రోజు షావుకారుగారు బల్లకందరికీ టీలు చెప్పేవారు. తగ్గిన రోజు నేను చెప్పేవాణ్ణి. తగ్గిన రోజులు తక్కువ, అందుకనే చెప్పేవాణ్ణి.

ఆదివారం గుడిలో ప్రార్థన మనవులు చెప్పుకునే వేళ బాబాయిగారు లేచి నిలబడి, "ఒక ప్రత్యేకమైన విషయం గురించి సంఘం ప్రార్థించాలండి" అన్నారు. వెంటనే అటు ఆడవాళ్ళ వైపు నుంచి పిన్ని కూడా లేచింది. "నాది కూడా ప్రత్యేకమైన విషయమేనండి. ఆయనదానికన్నా ముందు దీనికి చేస్తే బాగుంటాది" అంది. పాస్టరుగారు తల వంచుకుని పెదవి కొరుక్కున్నారు. రెండింటికీ కలిపి ఒకటే ప్రార్థన చేశారు. దేవునికి ఎవరి అవసరం ఏమిటో తెలుసునని ముగించారు. అది నిజమేనని తర్వాత తెలిసింది.

ధర ముప్పయికి దగ్గర పడినప్పుడు పిన్ని నా షాపుకే వచ్చింది. సైకిలు పనేమీ లేదు. "ఏరా అబ్బాయి, ఇవాళ ఎంతంట?" అంది.

చెప్పాను.

"మరైతే అమ్మెయ్యొచ్చు గదా. బోరు పడిపోతాది గదా."

"నన్నడుగుతావేంటి పిన్నీ? బాబాయిగారు ఇంకా గలగలమన్లేదంటున్నారు."

"ఆయన తల ఊపి చూడు, గలగలమంటాది" అంది పిన్ని. బల్ల మీద కూర్చున్న బాబాయిగారికి వినబడేలాగే అంది. ఆయన పేపరు మొహానికి అడ్డం పెట్టుకున్నారు. పేపరుకి ఇటువైపు ఉన్నది దంతమంజనం ప్రకటన. ఆయన ముందు నేను నవ్వకూడదు గనక ఆ ప్రకటనలో అమ్మాయి నవ్వింది.

ఎండలు మొదలయ్యాయి. కాలవ కట్టేస్తారని పంచాయతీ వాళ్ళు దండోరా వేయించారు. సరిగ్గా ఆ వారమే ఒక బుధవారం పేపరు తొట్టిలో పడకుండా బల్ల మీదే పడింది. నాకప్పుడే అనుమానం వచ్చింది. మాస్టారు తిరగేస్తూ తిరగేస్తూ ఒక మూల ఆగిపోయారు. అగ్గిపెట్టెంత వార్త. రెండుసార్లు చదువుకున్నారు.

"ఏటండీ?" అన్నారు షావుకారుగారు.

"ఏం లేదండి. పై దేశాల్లో ఈ చిప్పులు విపరీతంగా తయారైపోయి ధర పడిపోయిందంటండి. అడిగినవాడికీ అడగనివాడికీ ఇచ్చేస్తున్నారంట."

ఇక మాస్టారు వివరించనక్కర్లేకపోయింది. కొబ్బరి ఊళ్ళో పుట్టినవాడికి ఈ సంగతి ఒకరు చెప్పాలా? కేరళ కాయ లారీల్లో దిగిందంటే మా కాయకు ఏ గతి పడుతుందో ఉగ్గుపాలతో తెలుసు. షావుకారుగారు చెప్పులేసుకున్నారు. "లేవండి, లేవండి. ఇంకా మనం తయారు చెయ్యనేలేదు, అవతల సరుకు దిగిపోయింది. అమ్మేద్దాం."

నలుగురం పోస్టాఫీసుకి పరిగెత్తాం. ట్రంకుకాల్ దొరికేసరికి ఇంకో పదిమంది చేరారు. మా ఊళ్ళో ట్రంకుకాల్ అంటే రహస్యం కాదు. రాజమండ్రిదాకా వినబడేలా అరవాలి, మధ్యలో తీగ ఉన్నా లేకపోయినా. షావుకారుగారు అరిచారు, అటునుంచి ఏజెంటు అరిచాడు. ఆ వార్త అతనూ చూశాడు. షేరు ధర ఇంకా పడలేదు గాని పడుతుంది. ఈ సాయంత్రం బస్సుకి కాగితాలు తన చేతికి అందిస్తే, తన మనిషి రైలెక్కి మద్రాసు పట్టుకెళతాడు. అక్కడ కొనేవాడు సిద్ధంగా ఉన్నాడు. సాయంత్రం బస్సు దాటితే తను చెయ్యగలిగిందేమీ లేదు.

"ఆయ్! పట్టుకొచ్చేస్తున్నామండి!" అని అరిచి షావుకారుగారు ఫోను పెట్టేశారు. పెట్టేసి, బాబాయిగారి వైపు తిరిగారు. "కాగితాలు..."

బాబాయిగారు అప్పటికే మా అందరికంటే ముందు గుర్తు తెచ్చుకున్నారు. ఆయన మొహం చూస్తే తెలిసింది.

ఇంటికి వెళ్ళేసరికి పిన్ని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పోస్టాఫీసు అరుపులు ఆమెకు మాకన్నా ముందే అందాయి. చేతిలో చీపురు ఉంది. ఊడుస్తూ ఉన్నదో, ఊడ్చడానికి తీసిందో తెలియలేదు.

"ఏవండీ, ఎక్కడికి?"

"అటకెక్కాలే."

"ఎందుకు?"

"డబ్బా తియ్యాలి."

"డబ్బా ముందు ఏటున్నాయి?"

"కాయలు."

"ఎవరివి?"

బాబాయిగారు గోడవారనున్న నిచ్చెన పట్టుకున్నారు. మాస్టారు గొంతు సవరించుకున్నారు. "అమ్మా, మీరు పెద్దమనసు చేసుకోవాలండి. సాయంత్రం బస్సు దాటితే మా ముగ్గురికీ..."

"మాస్టారండీ, మీరు చదువుకున్నోళ్ళు. కురిడీని మధ్యలో కదపొచ్చాండి?"

"కదపకూడదండి."

"మరి?"

నేను బాబాయిగారినే చూస్తున్నాను. ఆయన జీవితంలో రెండే సూత్రాలు. కురిడీని కదపకూడదు, పెరటి కాయ మీద చెయ్యేయకూడదు. ఆ రెండూ ఇప్పుడు ఆయనకే అడ్డంగా నిలబడ్డాయి, చీపురుతో సహా. ఆయన నిచ్చెన పట్టుకుని ఉన్నారు గాని వెయ్యలేదు. అంత కంగారులోనూ, వెయ్యమని ఆమె చెప్పేదాకా వెయ్యలేదు. అందుకే నాకు ఆయనంటే ఇష్టం.

చివరికి, "తప్పయిపోయిందే. నీ కాయలు పోతే పోయినట్టే. ఒప్పుకుంటే తీస్తాను. వద్దంటే వెళ్ళి ఏజెంటుకి లేదని చెప్పేస్తాను" అన్నారు.

పిన్ని చీపురు గోడకి చేర్చింది. "తియ్యండి. కాని ఒక మాట. షేర్లమ్మినా, కాయలమ్మినా, ముందొచ్చిన డబ్బు బోరింగుకి. ఇందరి ముందు చెప్పండి."

"ఆయ్" అన్నారు బాబాయిగారు. ఆయన గొంతు వెనకే మాస్టారూ షావుకారుగారూ కూడా "ఆయ్" అన్నారు, వాళ్ళకేమీ సంబంధం లేకపోయినా.

అటకెక్కడానికి నన్ను ఎంచారు. ఊళ్ళో నాకంటే బక్కవాడు లేడు. పొగ చూరిన వెదురు మీద బోర్లా పడుకుని పాకుతుంటే, కింద నుంచి మాస్టారు "నెమ్మది", షావుకారుగారు "తొందరగా" అంటున్నారు. చదువుకీ వ్యాపారానికీ తేడా నాకు అక్కడ బోధపడింది. మొదటి కాయ తీశాను. మా రక్తంలో ఉన్న జబ్బు గదా, చెయ్యి దానంతటదే చెవి దగ్గరికి పోయింది. ఊపాను.

గలగలమంది.

ఇంకోటి ఊపాను. అదీ అంతే. మూడోది కొంచెం గుడగుడమంది. నాలుగోది మళ్ళీ గలగల.

"పిన్నీ, ఇక్కడెవరో నవ్వుతున్నారు" అన్నాను.

"ఎవర్రా?"

"నీ కాయలే."

కిందకి అందించాను. పిన్ని ఊపి చూసి షావుకారుగారి చేతికిచ్చింది. ఆయన ఊపారు. ఇక చూడండి. అటక మీంచి నా చెయ్యి, నిచ్చెన మీద బాబాయిగారి చెయ్యి, కింద మాస్టారి చెయ్యి, ఆ తర్వాత షావుకారుగారి చెవి. కాయలు వరసగా దిగుతున్నాయి. బస్సు తొందర ఉందని, డబ్బా ఒక్కటి చాలునని ఆయనకు తెలుసు. అయినా ప్రతి కాయా చెవి దగ్గర ఊపనిదే కింద పెట్టలేకపోయారు. గలగలమన్నవి ఇటు, గుడగుడమన్నవి అటు. పాతికేళ్ళ కమీషను వ్యాపారం, చెవి ఊరుకుంటుందా?

"షావుకారుగారండీ, బస్సండి!" అని మాస్టారు మొత్తుకుంటున్నారు.

"ఆయ్, ఆయ్. అమ్మా, ఈ ఏడు కురిడీ ఎవరికైనా మాటిచ్చేరా?" అన్నారాయన, చెవి దగ్గర కాయతోనే.

"లేదండి."

"అయితే నాకే. అంబాజీపేట ధర మీద కొంచెం ఎక్కువే రాసుకోండి. ఉత్తరాదిన పెళ్ళిళ్ళున్నాయి."

"ఎంత ఎక్కువండి?" అంది పిన్ని. బేరం మొదలైంది.

మూల కాయలు తీసి డబ్బా మీద చెయ్యేసేసరికి వంతెన మలుపు దగ్గర హారన్ వినబడింది. నేను డబ్బాతో కిందికి ఉరికాను, మాస్టారు డబ్బా లాక్కుని వీధిలోకి ఉరికారు. హైస్కూలు మాస్టారు పంచె ఎగ్గట్టి బస్సు వెనక పరిగెత్తడం మా వీధి పిల్లలు చూశారు. వాళ్ళు ఆయన్ని ఉత్సాహపరుస్తూ కొంతదూరం తామూ పరిగెత్తారు. బస్సు మాత్రం ఆగలేదు. కండక్టరు ఆయన్ని చూసి, రేపటి పేపరు గురించేమో అనుకుని చెయ్యి ఊపాడట.

మాస్టారు తిరిగి వచ్చేసరికి పెరట్లో బేరం కుదిరిపోయింది. డబ్బా మూత తీశాం. కాగితాలన్నీ భద్రంగానే ఉన్నాయి, కాకపోతే బాగా కాల్చిన అప్పడం రంగుకు తిరిగాయి. వాసన చూస్తే చేపల పులుసు.

"వాటిక్కూడా పొగ బాగానే పట్టిందండీ. ఓసారి ఊపి చూడండి" అన్నాను.

ఎవరూ నవ్వరనుకున్నాను. మొదట బాబాయిగారే నవ్వారు. నిచ్చెన మొదటి మెట్టు మీద కూర్చుని, నెత్తి మీద అటక మసితో, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వారు. తర్వాత షావుకారుగారు. మాస్టారికి ఆయాసం తగ్గాక ఆయన కూడా.

మర్నాడు ధర సగమైంది. సోమవారానికి ఏడుకి దిగి కూర్చుంది. ఏజెంటు మళ్ళీ అరిచి, ఇప్పుడమ్మితే తనే సిగ్గుపడాల్సి వస్తుందని, ఉంచుకోమని చెప్పాడు. కురిడీ డబ్బు మాత్రం షావుకారుగారు ఆ వారంలోనే పిన్ని చేతికిచ్చారు. ముందొచ్చిన డబ్బు బోరింగుకి. అందరూ "ఆయ్" అన్నారు గదా.

బోరు కుర్రాళ్ళు పెరట్లో గొట్టాలు దింపుతుంటే ఊరంతా వచ్చింది. మొదట బురద వచ్చింది, తర్వాత కలక నీళ్ళు, తర్వాత తేట. పిన్ని దోసిలి పట్టి నోట్లో పోసుకుంది. మా వైపు ఉప్పు తగులుతుందని అందరికీ భయం. ఆమె మింగి, కాసేపు మమ్మల్ని ఏడిపించి, "తియ్యగా ఉన్నాయి" అంది. రెండు రోజులకి కాలవ కట్టేశారు. బాబాయిగారిని ఆడవాళ్ళ వరసలో చూసే భాగ్యం నాకు లేకుండా పోయింది. ఆ లోటు ఒక్కటే నాకు మిగిలింది.

అదీ ఎంతోకాలం మిగల్లేదు. ఎండలకి నా షాపు ముందు బల్ల కాలిపోతుంటే, మార్కెట్టు పిన్ని పెరట్లోకి మారింది. అక్కడ కొబ్బరి నీడ, పంపు చుట్టూ చల్లని చప్టా. పేపరు ఆరేయడానికి దడి. పిన్ని కాదనలేదు. ఒకటే నియమం పెట్టింది. షేర్ల కబుర్లు చెప్పుకునే ప్రతివాళ్ళూ ముందు రెండు బిందెలు కొట్టాలి. ధర పెరిగినా రెండే, తగ్గినా రెండే.

ఆ ఎండాకాలమంతా అలాగే గడిచింది. షావుకారుగారు ఉత్తరీయం తీసి దడి మీద వేసి పంపు కొట్టేవారు, మాస్టారు రెండు చేతులతో కొట్టేవారు, బాబాయిగారు కొడుతూ కొడుతూ "ఎంతంటండీ ఇవాళ?" అనేవారు. వచ్చే ఏటి కాయలు మళ్ళీ అటకెక్కాయి. డబ్బా కూడా ఎక్కింది, ఈసారి ముందు వరసలో, చెయ్యి చాపితే అందేటట్టు.

"ఏడుంబావలాండి" అన్నారొకరోజు మాస్టారు, తడి కాయితాన్ని ఎండకేసి చూస్తూ.

బాబాయిగారు పంపు ఆపి నిట్టూర్చారు. "ఇంకా నీళ్ళున్నాయి దాన్లో. ఎండాలి."

"ఎండనివ్వండి. ఈ లోపల ఆ రెండో బిందె నింపండి" అంది పిన్ని.